ఈమాక్స్‌లో రాసింది వెబ్‌కు ఏ దారిన పంపాలి? – స్టూడియో చర్చ

(మాటలు తెగినచోట అతికించలేదు. జరిగింది జరిగినట్టే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. 2024 సెప్టెంబరులో బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు అందించే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సైటు, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీ సర్వర్లకు తలుపు మూసేసింది. అక్కడ సైట్లు పెట్టుకున్నవాళ్ళకు ప్లగిన్ అప్‌డేట్లు ఆగాయి. అప్పటి నుంచి నాది ఒకటే ప్రశ్న: రేపు ఎవరో మూసేస్తే మన రాతలేమవుతాయి? మేడమ్, మీరు ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో కథ రాసి, ఆర్గ్‌టుబ్లాగ్ అనే దాని ప్యాకేజీతో వర్డ్‌ప్రెస్‌కు పంపుతారు కదా. భయం లేదా?

కథకురాలు: లేదండీ. నా కథ ఆర్గ్ ఫైలుగా, అంటే ఈమాక్స్ ఆర్గ్ మోడ్‌లో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో ఉండేది దాని కాపీ. పంపగానే పోస్టు నంబరు నా ఫైల్లో పడుతుంది. అచ్చుతప్పు దిద్ది మళ్ళీ పంపితే ఆ పోస్టే మారుతుంది. ఫొటోలు కూడా...

ఇంజనీరు: ఒక్క నిమిషం మేడమ్. అది వెళ్ళే దారి ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ, బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌కు పోస్టులు పంపే పద్ధతి. పాస్‌వర్డులు వరసపెట్టి ప్రయత్నించే దాడులు దానిమీద జరుగుతాయని చాలా హోస్టింగ్‌లు దాన్ని మూసి పెడతాయి. అప్పుడేం చేస్తారు? నా మాట ఒకటే. ఆర్గ్ ఫైలు, ఈమాక్స్, అంతే! ఆర్గ్ ఫైళ్ళను వెబ్ పేజీలుగా మార్చే ఆర్గ్-పబ్లిష్ ఆర్గ్ మోడ్‌తో పాటే వస్తుంది. ఆర్గ్ మోడ్ ఈమాక్స్‌తో పాటే వస్తుంది. మధ్యలో మూడో మనిషి లేడు.

లెక్చరర్: నేను హ్యూగో అనే సైటు తయారీ ప్రోగ్రామ్ గురించి...

యాంకర్: వస్తాను సార్, మీ దగ్గరికే వస్తాను. (ఇంజనీరుతో) అంటే ఎవరు మూసేసినా మీకు నష్టం లేదంటారు?

ఇంజనీరు: లేదు. ఆర్గ్-పబ్లిష్ నేను మార్చిన ఫైళ్ళు ఏవో చూసుకుని వాటినే హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. ఆ ఫోల్డరు ఏ సర్వర్లో పడేసినా నడుస్తుంది. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. ఒక ఉచిత సేవలో నాలుగేళ్ళు రాశాను. ఒకరోజు తెరిస్తే సైటే లేదు. మా నాన్నగారి మీద రాసిన వ్యాసం కూడా పోయింది. నా దగ్గర కాపీ లేదు.

యాంకర్: చూశారా, నేనన్నదీ అదే! 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసేసినప్పుడు ఎంతమంది రాతలు పోయాయో!

లెక్చరర్: పోయింది కాపీ లేక. ఆ తప్పు పనిముట్టుది కాదు. పైగా వర్డ్‌ప్రెస్ గొడవ రెండు వ్యాపారాలది, సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడి మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు కిందే ఉంది. నా పద్ధతి వినండి. ఓఎక్స్-హ్యూగో, ఆర్గ్ రాతను హ్యూగోకు సరిపడేలా మార్చే ప్యాకేజీ. పోస్టులన్నీ ఒకే ఆర్గ్ ఫైల్లో, ఒక్కో శీర్షిక కింద ఒక్కోటి. సెట్ చేసుకుంటే సేవ్ కొట్టగానే మార్క్‌డౌన్ అవుతుంది, హ్యూగో చదివే సాదా టెక్స్ట్ రూపం అది. ట్యాగుల పేజీలు, కొత్త పోస్టుల ఫీడు హ్యూగో తయారుచేస్తుంది. ఆర్గ్-పబ్లిష్‌లో అవి మనమే...

ఇంజనీరు: మనమే రాసుకుందాం! సార్, 2019లో హ్యూగో 0.60 వచ్చినప్పుడు మార్క్‌డౌన్‌ను చదివే ఇంజిన్ మారి గోల్డ్‌మార్క్ అయింది. పోస్టుల్లో నేరుగా రాసుకున్న హెచ్‌టీఎంఎల్ కనబడటం మానేసింది. అప్పుడు ఎవరు బాధపడ్డారు?

లెక్చరర్: సెట్టింగ్‌లో ఒక్క మాట మారిస్తే...

ఇంజనీరు: ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి ఎన్ని గంటలు సార్?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

కథకురాలు: నాకు గంటలు కావు, పాఠకులు కావాలి! కథ కింద ఒకావిడ "మా అమ్మ కూడా ఇలాగే చేసేది" అని రాసింది. మీ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్లో ఆవిడ ఎక్కడ రాయాలి?

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న అక్కడే ఆగాల్సింది.)

యాంకర్: మంచి మాట. కానీ మేడమ్, ఆ కామెంట్లు కూడా రేపు మూసేస్తే పోతాయి కదా?

కథకురాలు: ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చండీ. నాకున్న ఇబ్బంది వేరు. తెలుగు శీర్షిక పెడితే లింకు తెగిపోతుంది.

లెక్చరర్: అది నిజం. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. లింకులో అది తొమ్మిది గుర్తులవుతుంది. 'చెరువు' అన్న మాటకే 54. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది.

ఇంజనీరు: ఆర్గ్-పబ్లిష్‌లో ఫైలు పేరు 'చెరువు' అని ఇంగ్లిషు అక్షరాల్లో పెడితే సరి!

కథకురాలు: వర్డ్‌ప్రెస్‌లోనూ పెట్టొచ్చు. ప్రతిసారీ గుర్తుండదు, అంతే.

లెక్చరర్: అసలు ముందు తెలుగు సరిగ్గా కనబడాలి. టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, ఈమాక్స్ తెరిస్తే వత్తులు చెదిరిపోతాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొడతాను, మా విద్యార్థులు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఐట్రాన్స్...

ఇంజనీరు: విండోలో తెరవండి సార్. ఈమాక్స్ 27 నుంచి అక్షరాలను సరిగ్గా కలిపి చూపే హార్ఫ్‌బజ్ ఉంది. మళ్ళీ విషయానికొద్దాం. ఆర్గ్ ఫైలు, ఈమాక్స్, అంతే!

యాంకర్: సమయం అయిపోతోంది. అందరికీ సమానంగా అవకాశం ఇస్తానన్నాను, సార్‌కు ఒక నిమిషం బాకీ ఉంది. కానీ ముందు ఇది చెప్పండి, మూసేస్తే?

ఇంజనీరు: మూసెయ్యడానికి నా దగ్గర ఎవరూ లేరు. అదే చెబుతున్నా మొదటినుంచీ.

లెక్చరర్: నా నిమిషం...

(కార్యక్రమం ముగిసింది.)