ఒకే పట్టాలు, వేరే పెట్టెలు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల క్లాసులూ ఇంటి పనులూ పక్కనపెట్టి వచ్చినందుకు థ్యాంక్స్. 2025 జనవరిలో, అమెరికాలో పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కొందరు పిల్లలకి ఆపాలని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు మన ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డామో మీకు వేరే చెప్పక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి రేపు బిడ్డ పుడితే ఆ బిడ్డ ఏ దేశం బిడ్డ అని అప్పుడు ఎంతోమంది అడిగారు. ఆ రోజుల్లో ఒక పేరు పదేపదే వినపడింది, వాంగ్ కిమ్ ఆర్క్ అని. ఆయన గురించి చెప్పడానికే వచ్చాను, కానీ ఆయన దగ్గరికి రావాలంటే ముందు రైలు ఎక్కాలి.

1869 మే 10న యూటాలో ప్రోమోంటరీ అనే చోట తూర్పు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలూ, పడమటి నుంచి వచ్చిన పట్టాలూ కలిశాయి. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్లే. దేశం ఒక్కటైందని ఊరూరా గంటలు కొట్టారు. పడమటి వైపు లైను వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీలో కూలీలు ఎక్కువమంది చైనావాళ్లు, వేల సంఖ్యలో. సియెరా నెవాడా కొండల్లో సమ్మిట్ టన్నెల్ తవ్వింది వాళ్లే. అదంతా గ్రానైటు. ఒకడు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇద్దరు సమ్మెటలతో కొట్టేవాళ్లు, రంధ్రం లోతు పడ్డాక మందు కూరి పేల్చేవాళ్లు, రాత్రీ పగలూ ఇలా చేస్తే రోజుకి దాదాపు అడుగు ముందుకి వెళ్లేది. తెల్ల కూలీలకి కంపెనీయే తిండి పెట్టేది, వీళ్ల తిండి వీళ్లే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో నెలకి 40 డాలర్ల జీతం ఇమ్మని, టన్నెల్లో పని గంటలు తగ్గించమని వేలమంది పని ఆపేసి కూర్చున్నారు. కంపెనీ పెద్దల్లో ఒకడైన చార్లెస్ క్రాకర్ కొండ మీదికి తిండి సరుకులు వెళ్లకుండా ఆపించాడు. వారం గడిచేసరికి మళ్లీ పనిలోకి దిగక తప్పలేదు.

1877లో రైల్వే కంపెనీలు జీతాలు కోసినప్పుడు వెస్ట్ వర్జీనియాలో మొదలైన సమ్మె దేశమంతా పాకింది. జులైలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ సమ్మెకి మద్దతుగా ఒక సభ పెట్టారు. జీతాలు కోసిన కంపెనీల మీద కోపంతో వచ్చిన జనం ఆ రాత్రి చైనావాళ్ల బట్టలుతికే షాపుల మీద పడ్డారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే మనసు కలచివేసే ఘట్టం ఇదే. కొద్ది నెలల్లోనే డెనిస్ కియర్నీ అనే నాయకుడు చైనావాళ్లు వెళ్లిపోవాల్సిందే అన్న నినాదంతో ఒక పార్టీని నడిపించాడు. ఆయన ఐర్లండ్‌లో పుట్టి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. క్యాథలిక్కులనీ, పేదలనీ, తాగుబోతులనీ తూర్పు తీరంలో ఐరిష్‌వాళ్లని ఎంత చిన్నచూపు చూశారో ఆయనకి ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

1882లో చైనా కూలీలు దేశంలోకి రాకూడదని కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేసింది, అప్పటికే ఉన్నవాళ్లకి పౌరసత్వం ఇవ్వకూడదని కూడా అందులోనే రాసింది. మూడేళ్లకి వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో, యూనియన్ పసిఫిక్ రైల్వే బొగ్గు గనుల దగ్గర, తోటి గని కార్మికులే తుపాకులు పట్టుకుని చైనావాళ్ల పేట మీద పడి కనీసం 28 మందిని చంపారు, ఇళ్లు తగలబెట్టారు. ఒక్కరికి కూడా శిక్ష పడలేదు.

ఇప్పుడు అమెరికా దక్షిణాదికి వద్దాం. అదే 1877లో, అధ్యక్ష ఎన్నికల తగువు తెగాక, దక్షిణాదిలో నల్లజాతివాళ్ల హక్కులకి అండగా ఉన్న చివరి కేంద్ర ప్రభుత్వ సైన్యాలు పక్కకి తప్పుకున్నాయి. ఆ తర్వాత సంగతి మీరు చాలావరకు వినే ఉంటారు, అందుకే నేను ఒక్క రైలు పెట్టె గురించే చెప్తాను. 1890లో లూసియానా రాష్ట్రం తెల్లవాళ్లకి ఒక పెట్టె, రంగున్నవాళ్లకి ఇంకో పెట్టె అని చట్టం చేసింది. ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి: వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయాలకి ఇది వర్తించదు. అంటే తెల్లవాళ్ల బిడ్డని ఒళ్లో పెట్టుకున్న నల్లజాతి ఆడమనిషి తెల్లవాళ్ల పెట్టెలో కూర్చోవచ్చు. ఆ బిడ్డని దించేస్తే అదే మనిషి, అదే చీటీతో, ఆ పెట్టెలో కూర్చోవడం నేరం.

1892 జూన్ 7న న్యూ ఆర్లియన్స్‌లో చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న హోమర్ ప్లెసీ కావాలనే టికెట్ కొని తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు. చూడ్డానికి తెల్లగానే ఉంటాడు, తాతముత్తాతల లెక్కలో ఎనిమిదో వంతు మాత్రమే నల్లజాతి. ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చెయ్యడానికి ఊళ్లోవాళ్లు కమిటీ కట్టి, చందాలు వేసుకుని చేసిన పని అది. 1896లో సుప్రీంకోర్టు 7-1 తీర్పుతో వేరు పెట్టెలు సమానమే అంది. ఒప్పుకోని ఆ ఒక్క జడ్జి జాన్ మార్షల్ హార్లన్. రాజ్యాంగానికి రంగు కనపడదని ఆయన రాసిన మాట ఇవాళ్టికీ అందరూ తలుచుకుంటారు. నేనూ తలుచుకుంటాను. కానీ అదే తీర్పులో ఆయన ఇంకో మాట కూడా రాశాడు: చైనావాడు తెల్లవాళ్లతో కలిసి కూర్చోవచ్చు గానీ, దేశం కోసం ప్రాణాలకి తెగించిన నల్లజాతి పౌరుడు కూర్చోకూడదా అని. ఆ మాటకి ముందు, చైనావాళ్లు మనకి ఎంత పరాయి అంటే వాళ్లని పౌరులు కానివ్వడం లేదు అని కూడా రాశాడు. ఒకరి తరఫున నిలబడ్డ మనిషి అదే కాగితం మీద ఇంకొకర్ని బయటకి నెట్టాడు.

కార్మిక సంఘాలూ ఇదే పని చేశాయి. 1894లో రైలు పెట్టెలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ జీతాలు కోసి, తన కాలనీలో ఇళ్ల అద్దెలు మాత్రం తగ్గించకపోతే, యూజీన్ డెబ్స్ నాయకత్వంలో అమెరికన్ రైల్వే యూనియన్ పెద్ద పోరాటానికి దిగింది. దిగే ముందు సభ పెట్టి, నల్లజాతివాళ్లని సభ్యులుగా చేర్చుకోకూడదని ఓటు వేసుకుంది. డెబ్స్ వద్దన్నా వినలేదు. పుల్‌మన్ రైలు పెట్టెల్లో పరుపులు సర్ది, సామాన్లు మోసే పోర్టర్లందరూ ఆ నల్లజాతివాళ్లే. చివరికి సైన్యం వచ్చి సమ్మెని అణిచేసింది.  

ఇక వాంగ్ కిమ్ ఆర్క్. 1873లో శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పుట్టాడు, వంటవాడు. 1894 నవంబర్‌లో చైనా వెళ్తూ, తాను ఇక్కడే పుట్టానని తెల్లవాళ్లతో సాక్ష్యం సంతకాలు పెట్టించి, ఫొటో అంటించిన కాగితం ఒకటి తయారు చేయించుకుని వెళ్లాడు. మనం ఇండియా వెళ్లేముందు ఫైలు సర్దుకుంటామే, అలాగ. 1895 ఆగస్టులో తిరిగొస్తే కస్టమ్స్ అధికారి దిగనివ్వలేదు. నీ అమ్మానాన్నలు చైనావాళ్లు కాబట్టి నువ్వు అమెరికావాడివి కాదు అన్నారు. నెలల తరబడి ఓడల్లోనే ఉంచారు, కళ్లెదురుగా పుట్టిన ఊరు కనపడుతూనే ఉంది. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2 తీర్పుతో, ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులని చెప్పే రాజ్యాంగం పద్నాలుగో సవరణ ప్రకారం ఇతను పుట్టుకతో పౌరుడే అంది. ఆ సవరణ ముఖ్యంగా బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ల కోసం వచ్చింది, నిలబెట్టింది ఒక చైనా వంటవాడు. ఒప్పుకోని ఇద్దరిలో హార్లన్ ఒకరు.

గెలిచాక ఏమైంది అని అడుగుతారు. 1901లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో అధికారులు ఆయన్ని మళ్లీ పట్టుకున్నారు, దొంగతనంగా వచ్చిన చైనావాడని. దేశమంతా తెలిసిన కేసు గెలిచిన మనిషి తను ఎవరో ఇంకోసారి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1910లో పెద్ద కొడుకు చైనా నుంచి వస్తే, ఈయన కొడుకేనని మేం నమ్మం అని అధికారులు ఆ అబ్బాయిని వెనక్కి పంపేశారు.