కడుపునొప్పి అని రాసిన కాగితం

(సెప్టెంబర్ 10, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం నాడు కర్నూలులో ఆరోగ్య కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది డాక్టర్లకు, ఆఫీసర్లకు, కింద కూర్చున్న ఏఎన్ఎమ్ అమ్మలకు, ఆశా అక్కచెల్లెళ్లకు, నర్సింగు చదివే పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ ఇప్పటికే నలుగురు చెప్పారు, పొద్దున్నుంచి కూర్చుని మీరూ అలసిపోయారు.

'గిరిజనుల్లో ఆత్మహత్యల నివారణ, ప్రభుత్వ చర్యలు' అని నాకు అంశం ఇచ్చారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక ఒక సార్ మాట్లాడుతూ, దేశం లెక్కల్లో ఆత్మహత్యలకు కుటుంబ సమస్యల తర్వాత అనారోగ్యమే రెండో పెద్ద కారణం అన్నారు. నిజమే, నేర గణాంకాల నివేదికలో అట్లే ఉంది. 2022లో మన దేశంలో 1,70,924 మంది ప్రాణాలు తీసుకుంటే దాదాపు అయిదో వంతు అనారోగ్యం కింద రాశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఒక కాగితం కళ్ల ముందర కదులుతోంది. ముందు దాని సంగతి చెప్పనివ్వండి.

నేను ఆత్మకూరు పక్క నల్లమలలో చెంచు పిల్లల ఆశ్రమ పాఠశాలలో చాలా ఏళ్లు తెలుగు అయ్యవారిగా పనిచేశాను. ఒక పిల్లాడు ఉండేవాడు, పేరు చెప్పను. తరగతిలో నోరు తెరిచేవాడు కాదు. మందబుద్ధి అని మేమే అనుకున్నాం, మేమే ఒకరికొకరం చెప్పుకున్నాం. ఒకరోజు పాఠం పక్కనబెట్టి అహోబిలం పారువేట గురించి అడిగాను. కనుమ నాడు మొదలుపెట్టి స్వామి నలభై రోజులకు పైగా పల్లెపల్లె తిరిగి తన పెళ్లికి అందరినీ పిలుస్తాడు కదా, చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ కాబట్టి నరసింహస్వామి చెంచులకు అల్లుడు కదా, ఆ సంగతి. ఆ పిల్లాడు లేచి నిలబడ్డాడు. గంట కొట్టినా ఆపలేదు. పల్లకీ వచ్చినప్పుడు వాళ్ల తాత విల్లంబు ఎట్లా పట్టుకునేవాడో చేత్తో చూపించాడు. తేనెపట్టు దింపేటప్పుడు తాడు ఎవరు పట్టుకోవాలో, ఎందుకు పట్టుకోవాలో చెప్పాడు. మరుసటి రోజు నేను మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయాను, వాడు మళ్లీ మౌనంలోకి వెళ్లిపోయాడు. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్ నాది.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. కింద పల్లెల్లో మిరప చేలల్లో కూలికి పోయాడు, అడ్వాన్సు తీసుకున్నాడు, అది తీరలేదు, పైగా సారా అలవాటైంది. కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏంరా?" అంటే "ఊరకే వచ్చినా అయ్యోరా" అన్నాడు. ఆరోజు ఇన్‌స్పెక్షన్. నా చేతిలో రిజిస్టర్లు. జేబులోంచి పది రూపాయలు తీసి టీ తాగిపో అని పంపించాను.

ఊరకే ఎవడూ అంత దూరం నడిచి రాడమ్మా. ఆ మాట నాకు పదిహేను రోజుల తర్వాత అర్థమైంది, వాడు ప్రాణం తీసుకున్న తర్వాత.

గూడెంలో చదువుకున్న మనిషి కావాలని పంచనామాకు నన్నే పిలిచారు. 'కడుపునొప్పి తాళలేక' అని రాశారు. వాళ్లమ్మ, "కడుపునొప్పి అనే రాయండి సామీ, కేసు వద్దు" అంది. నేను సంతకం పెట్టాను. వాడికి కడుపునొప్పి లేదని నాకు తెలుసు. అయినా పెట్టాను. ఇందాక సార్ చెప్పిన అనారోగ్యం అంకెలో అట్లాంటి కాగితాలు ఎన్ని కలిసి ఉన్నాయో మీరే ఆలోచించండి. మన పేపర్లలో ఈ 'కడుపునొప్పి తాళలేక' అన్న మాట చదవని వాళ్లు ఈ హాలులో ఉన్నారా?

ఆ తల్లి ఎందుకు అట్లా అంది? అప్పుడు పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఉండేది, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడితే ఏడాది దాకా జైలు. చనిపోయిన వాడికి కేసేంటి అని చదువుకున్నవాళ్లు అంటారు గానీ అడవిలో ఫారెస్టు కేసులు చూసి చూసి బెదిరిన మనిషికి ఖాకీ బట్ట అంటేనే కేసు. ఆ భయంతోనే ప్రాణం ఉండగా ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచిన ఇళ్లు నాకు తెలుసు. ఇప్పుడు చట్టం మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఏమంటుందంటే, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం, పునరావాసం చూసే బాధ్యత ప్రభుత్వానిదే. 2018 నుంచి అమలులో ఉంది. 2024 జూలైలో వచ్చిన కొత్త న్యాయసంహితలో పాత 309 అట్లా లేనే లేదు. ఈ సంగతి గూడెంలో ఎవరు చెప్పాలి? మీరే. చెప్పారా? చేతులెత్తమని అడగను, మీ మనసును మీరే అడగండి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. 2022 నవంబరులో జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం వచ్చింది, 2030 నాటికి పది శాతం తగ్గించాలని. అదే ఏడు అక్టోబరులో టెలీ మానస్ వచ్చింది, మనసు బాధ ఫోనులో చెప్పుకునే ప్రభుత్వ సేవ. 14416 నంబరు రాసుకోండి, రాసుకున్నారా, మళ్లీ చెప్తా, 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. మంచి పని. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన గూడేనికి ఆ నంబరు ఎట్లా అందుతుంది? 2023లో పీఎం జన్‌మన్ పెట్టారు, చెంచులతో సహా 75 ఆదిమ తెగల కోసం, 24 వేల కోట్లకు పైగా. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, కరెంటు, హాస్టళ్లు, సెల్ టవర్లు కూడా ఉన్నాయి. మొత్తం పదకొండు పనులు. అన్నీ కావాల్సినవే. ఆ పదకొండులో మనిషి దిగులు చూసే పని మాత్రం విడిగా లేదు. ఆత్మహత్యల నివేదికలో వృత్తి ఉంటుంది, చదువు ఉంటుంది, ఆదాయం ఉంటుంది, తెగ ఉండదు. లెక్కే లేని చోట నివారణ ఎవరికి చేస్తాం?

మనకు చేతకాదని అనుకోవద్దు. ఆలూరు దాటితే బళ్లారి. 1980లలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఆ జిల్లాలోనే పీహెచ్‌సీ డాక్టర్లకు, మీలాంటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మనసు జబ్బులకు ఊళ్లోనే వైద్యం అందించవచ్చని చూపించారు. 1996లో దేశమంతా మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. మన పొరుగూరి పని అది.

రాసుకొచ్చిన నాలుగు పేజీలు పక్కన పెట్టేశాను గానీ కెనడా సంగతి చెప్పకుండా దిగను. అక్కడ ఆదివాసీ పిల్లలను నూరేళ్లకు పైగా అమ్మానాన్నల నుంచి వేరుచేసి హాస్టలు బళ్లలో పెట్టారు. లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలు. వాళ్ల భాష మాట్లాడితే కొట్టారు. చివరి బడి మూతపడింది 1990లలో. తర్వాత ఆ జాతుల్లో యువకుల ఆత్మహత్యలు చూసి ప్రభుత్వం తల పట్టుకుంది. చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 200 ఆదివాసీ సమూహాలను చూశారు, 1998లో అచ్చయింది. సగానికి పైగా సమూహాల్లో వాళ్లు లెక్క చూసిన అయిదారేళ్లలో ఒక్క యువకుడూ ఆత్మహత్య చేసుకోలేదు. కొన్నిచోట్ల మాత్రం విపరీతం. తేడా ఎక్కడ? సొంత పాలన, భూమి హక్కుల పోరాటం, బడి, వైద్యం, పోలీసు, సంస్కృతి కేంద్రాలు, ఈ ఆరూ తమ చేతిలో ఉన్నచోట సున్నా. 2016లో కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ ఆదివాసీలు తమ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని తామే రాసుకున్నారు, దాని అమలుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ హాస్టలు బడి అయ్యవారినే కదా. మేం కొట్టలేదు, అన్నం బాగానే పెట్టాం, ఆ పిల్లలు బాగుపడాలనే కోరుకున్నాం. కానీ వాడికి తెలిసిన అడవిని ఒక్క రోజు తప్ప లోపలికి రానివ్వలేదు. చెంచుల భాషా తెలుగే, నేను తెలుగు అయ్యవారిని, అయినా వాడు నాతో మాట్లాడలేకపోయాడు. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని ఒకటి ఉంది, తరతరాలుగా తాము బతికిన అడవి మీద హక్కు. అది ఆరోగ్యశాఖ పని కాదు అంటారు. ఆ పిల్లాడు మిరప చేలో అడ్వాన్సుకు ఎందుకు పోయాడో అడిగితే అది ఎవరి పనో తెలుస్తుంది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్కటే అడిగి దిగుతా. ప్రతి గూడెంలో ఆ గూడెం మనిషినే, ఒక ఆడమనిషిని ఒక మగమనిషిని, తీసుకుని నేర్పించండి. "ఊరకే వచ్చినా" అన్న మనిషిని కూర్చోబెట్టి, చావాలనిపిస్తోందా అని నేరుగా అడగడం నేర్పించండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి, అడిగితే బరువు దిగుతుంది, డాక్టర్లు ఇక్కడే ఉన్నారు, కాదంటే చెప్పమనండి. వాళ్లకు జీతం ఇవ్వండి. పురుగుమందు గూడెం ఇళ్లలో కాకుండా ఒకచోట తాళంలో ఉండేట్టు చూడండి, శ్రీలంక ప్రమాదకరమైన మందులు నిషేధించి ఆత్మహత్యలు ఎంత తగ్గించుకుందో డాక్టరు గారు నాకంటే బాగా చెప్తారు.

ఈ శిక్షణ వచ్చేసారి కర్నూలు ఏసీ హాలులో వద్దు. నల్లమలలోని బైర్లూటి చెంచు గూడెంలో పెట్టండి. ఆత్మకూరు దాకా బస్సుంది, అక్కడి నుంచి దారి నాకు తెలుసు. వచ్చే శనివారం నేను ఎట్లాగూ పోతున్నా, ఆ తల్లి ఇంకా ఉంది. ఎవరొస్తారు? ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మా, కిందికి దిగాక నీ ఫోన్ నంబరు ఇచ్చిపో.