నాలుగు ఇంటూ ఇరవై అంటే ఎనభయ్యా, అయిదా?

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. లెక్కల్లో సందేహాలు, ఇంగ్లీషు వాడుకలో ఇబ్బందులు, ఈ గంటంతా వాటికే. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండి, పెద్దాయనా.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. మా మనవరాలు డాలస్‌లో అయిదో తరగతి చదువుతోంది. ఆదివారం పూట వీడియో కాల్‌లో ఇద్దరం లెక్కలు చేసుకుంటాం. మొన్న "ఫోర్ ఇంటూ ట్వెంటీ ఎంతమ్మా?" అన్నాను. "ఫైవ్ తాతయ్యా" అంది. కాదమ్మా, ఎయిటీ అంటే ఒప్పుకోదే! పక్కన మా అబ్బాయి కూడా ఏమీ తేల్చలేకపోయాడు. ఎవరిది రైటండీ?

మాస్టారు: ఇద్దరిదీ రైటేనండి. మన బళ్లలో ఇంటూ అంటే గుణకారం. మీరూ నేనూ అలాగే నేర్చుకున్నాం. అమెరికాలో, ఇంగ్లండ్‌లో "ఫోర్ ఇంటూ ట్వెంటీ" అంటే ఇరవైలో నాలుగు ఎన్నిసార్లు పోతుందని అడిగినట్టు. అంటే భాగహారం. "ఫోర్ గోస్ ఇంటూ ట్వెంటీ ఫైవ్ టైమ్స్" అంటారు వాళ్లు. ఆ లెక్కన పాప 5 అనడం సరైందే. గుణకారం అడగాలంటే పాపతో "ఫోర్ టైమ్స్ ట్వెంటీ" అనండి.

శ్రోత: అమ్మయ్య. ఇంకొకటండీ. లక్ష రాయమంటే కామా వేరేచోట పెడుతుంది.

మాస్టారు: పెడుతుంది మరి. మనం 1,00,000 అని రాస్తాం, వాళ్లు 100,000 అని రాస్తారు. అంకెలు అవే. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్. ఈ రెండూ పాపకు చెప్పి ఉంచండి, వేసవికి తెనాలి వచ్చినప్పుడు పనికొస్తాయి. మరో మాట. లెక్కలో ఏ పని ముందు, ఏది తర్వాత చేయాలో గుర్తుపెట్టుకునే సూత్రాన్ని మనం బాడ్‌మాస్ అంటాం, అక్కడ పెమ్‌డాస్ అంటారు. ఒకదాంట్లో భాగహారం ముందు, ఇంకోదాంట్లో గుణకారం ముందు వినిపిస్తుంది గానీ, ఆ రెండిటికీ ఎక్కడైనా సమాన హోదాయే. ఎడమ నుంచి కుడికి వరసగా చేసుకుపోవాలి. 24÷4×3 ఇస్తే 24ని 4తో భాగించి, వచ్చిన 6ని 3తో హెచ్చవేయాలి. జవాబు 18. ముందే 4నీ 3నీ హెచ్చవేసి 2 అంటే తప్పు, అక్కడైనా ఇక్కడైనా.

ప్రయోక్త: కామారెడ్డి నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నారు.

శ్రోత (కామారెడ్డి): నమస్తే సార్. గ్రూప్ పరీక్షలకు చదువుతున్న. డిగ్రీ తెలుగు మీడియంల అయింది. ఆన్‌లైన్ల ఒక దోస్తు అయిండు సార్, భువనేశ్వర్ పిల్లగాడు. ఆయనకు ఇంగ్లిష్ మంచిగొస్తది, లెక్కలంటే భయం. నాకు ఉల్టా. రాత్రి పది దాటినంక నేను ఆయనకు లెక్కలు చెప్త, ఆయన నాకు ఇంగ్లిష్ చెప్తడు.

మాస్టారు: చాలా మంచి పని. కోచింగ్‌లో కూడా దొరకదు అలాంటిది. ఏమిటి ఇబ్బంది?

శ్రోత: ఒక లెక్క మీద లొల్లి అయింది సార్. "ఎ ఈజ్ 25 పర్సెంట్ మోర్ దాన్ బి." అయితే బి, ఎ కన్న ఎంత శాతం తక్కువ? గదే 25 గద అని నేనన్న. ఆయన 20 అంటడు. లెక్కలల్ల నేనే ఆయనకు చెప్పేటోణ్ని గద, మనసుకు పడ్తలేదు.

మాస్టారు: ఈసారి నీ దోస్తుదే రైటు బాబూ. ఎందుకో విను. బి దగ్గర 100 రూపాయలున్నాయనుకో. ఎ దగ్గర 125. తేడా 25. ఆ 25 మారదు. దాన్ని ఎవరితో పోలుస్తున్నామన్నదే మారుతుంది. ఇంగ్లీషులో "దాన్" అనే మాట చూడు. దాని తర్వాత ఎవరి పేరుంటే వాళ్లదే నూరు శాతం. మొదటి వాక్యంలో "దాన్ బి" ఉంది, 100లో 25 అన్నమాట. రెండో వాక్యం "బి ఈజ్ లెస్ దాన్ ఎ". ఇప్పుడు ఎ వంతు. 125లో 25 ఎంత?

శ్రోత: అయిదో వంతు... ఇరవై శాతం. సమజైంది సార్!

మాస్టారు: శాతాల లెక్క ఎక్కడ ఎదురైనా ముందు "దాన్" కింద గీత గీసుకో. "బై", "టు" దగ్గర కూడా అంతే జాగ్రత్త. జీతం 20,000. "ఇంక్రీజ్డ్ బై 5,000" అంటే 25,000 అయింది. "ఇంక్రీజ్డ్ టు 22,000" అంటే పెరిగింది 2,000 మాత్రమే. ఇంత చిన్న మాటలు కనక చదివేటప్పుడు కన్ను వాటి మీద నిలవదు. మార్కులు పోయేది అక్కడే.

శ్రోత: ఇంకోటి సార్. వేరే దేశపోళ్లకు "ఐ హావ్ ఎ డౌట్" అని మెసేజ్ పెట్టిన. "జవాబు మీద నీకు నమ్మకం లేదా?" అన్నరు. నేనట్ల అనలే.

మాస్టారు: మన దగ్గర డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. బయటివాళ్లకు అది అపనమ్మకంగా వినబడుతుంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అను, సరిపోతుంది. ఎవరిని అడిగినా సరే, లెక్క మొత్తం టైపు చేసి పంపు. మసక ఫొటో పెట్టి "ప్లీజ్ సాల్వ్" అంటే సాయం చేద్దామనుకున్నవాళ్లకు కూడా మనసు రాదు. ఇక్కడి దాకా చేశాను, ఈ మెట్టు దగ్గర ఆగిపోయాను అని రాయి. అప్పుడు అవతలివాళ్లు జవాబు కాకుండా దారి చెబుతారు. నీకు కావాల్సింది దారే.

ప్రయోక్త: విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి. త్వరగా అడగమ్మా, వెనక వరసలో చాలామంది ఉన్నారు.

శ్రోత (విశాఖపట్నం): ఇంటర్వ్యూ ప్రాక్టీసులో "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అన్నానండి. తప్పన్నారు. ఎందుకో చెప్పలేదు.

మాస్టారు: మనం "మూడేళ్ల నుంచి" అంటాం కదా, అందుకని "సిన్స్" వచ్చేసింది. సంఖ్యారేఖ గుర్తు తెచ్చుకో అమ్మా. "సిన్స్" దాని మీద ఒక బిందువు, మొదలైన చోటు. సిన్స్ 2022, సిన్స్ జూన్. "ఫర్" ఏమో రెండు బిందువుల మధ్య పొడవు. ఫర్ త్రీ ఇయర్స్. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అనాలి.

ప్రయోక్త: లైన్ కట్ అయినట్టుంది. కడప నుంచి ఒక అమ్మ చాలాసేపటి నుంచి ఆగి ఉన్నారు.

శ్రోత (కడప): నమస్తే సార్. మా పిల్లోడు ఏడో తరగతి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియానికి మారినాడు. ఉత్త కూడికలు, తీసివేతలు ఇస్తే గబగబా చేస్తాడు. కథ మాదిరి రాసిచ్చిన లెక్క వస్తే పేజీ తిప్పేస్తాడు. చెప్పిద్దామంటే నాకు ఇంగ్లీషు రాదు, నేను చదివింది అయిదో తరగతి దాకా.

మాస్టారు: అమ్మా, మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ పని మీరు చేయగలరు. మీవాడికి లెక్క వచ్చు. లెక్క దగ్గరికి వెళ్లే వాక్యం అడ్డుపడుతోంది. ఒక్కటి చూపిస్తాను. "సబ్‌ట్రాక్ట్ 8 ఫ్రమ్ 15" అని ఇస్తే చాలామంది పిల్లలు 8−15 అని రాస్తారు. ఇంగ్లీషు వాక్యంలో 8 ముందొచ్చింది కాబట్టి. అదే తెలుగులో చెప్పండి, "15 నుంచి 8 తీసెయ్". 15 ముందొచ్చింది, కాగితం మీద రాసేదీ ఆ వరసలోనే. "ఫైవ్ లెస్ దాన్ ఎ నంబర్" కూడా అంతే. "ఒక సంఖ్య కన్నా అయిదు తక్కువ" అనగానే సంఖ్య ముందు, అయిదు వెనక. ఇలాంటి చోట్ల తెలుగు వాక్యమే చేతికి దారి చూపిస్తుంది. దాన్ని వదులుకోమని ఎవరు చెప్పినా వినకండి. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని పావులూరి మల్లన దాదాపు వెయ్యేళ్ల కిందటే తెలుగు పద్యాల్లో చెప్పాడు. లెక్కను కథగా చెప్పడం మన భాషకు కొత్త కాదు. బాబు దగ్గరున్నాడా?

శ్రోత: ఉన్నాడు సార్. ఇదిగో, మాట్లాడు.

బాబు: నమస్తే సార్.

మాస్టారు: నమస్తే నాయనా. రాసుకో. "ఎ షాప్‌కీపర్ హాజ్ 15 మోర్ పెన్సిల్స్ దాన్ పెన్స్. ఇన్ ఆల్ హి హాజ్ 75. హౌ మెనీ పెన్స్?" లెక్క చేయొద్దు. అమ్మకు తెలుగులో కథ చెప్పు, నేను వింటాను.

బాబు: (కాసేపు ఆగి) అంగడాయన దగ్గర పెన్సిళ్లు, పెన్నులు ఉండాయి. పెన్నుల కంటే పెన్సిళ్లు 15 ఎక్కువ. అన్నీ కలిపితే 75.

మాస్టారు: ఏమడిగారు?

బాబు: పెన్నులెన్ని అని. సార్, ఎక్కువుండే 15 పక్కన పెట్టేస్తే 60. రెండూ సమానం కదా అప్పుడు. పెన్నులు 30.

మాస్టారు: పెన్సిళ్లు?

బాబు: 45. కలిపితే 75, సరిపోయింది సార్.

మాస్టారు: చూశారా అమ్మా, నేను ఒక్క సూత్రం చెప్పలేదు. రోజూ ఇలా రెండే లెక్కలు. మీరు అడగాల్సింది "ఏమిచ్చినారు, ఏమడిగినారు" అని, అంతే. ఇప్పుడు సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. ముందు ఇంగ్లీషు పేజీ చదివి, తన తెలుగులో చెప్పి, ఆ తర్వాతే ఎదురు పేజీతో సరిచూసుకోమనండి. ముందే తెలుగు పేజీ చూస్తే ఇంగ్లీషు ఎప్పటికీ రాదు.

శ్రోత: పరీక్షలో తెలుగులో రాస్తే మార్కులు పోవా సార్?

మాస్టారు: మనసులో ఏ భాషలో అనుకున్నాడో దిద్దేవాళ్లకు కనపడదమ్మా. చివర్లో జవాబు మాత్రం ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం రాయాలి. బాబూ, చెప్పు చూద్దాం.

బాబు: ద షాప్‌కీపర్ హాజ్ థర్టీ పెన్స్... అండ్ ఫార్టీ ఫైవ్ పెన్సిల్స్.

మాస్టారు: అంతే. అదే రాయి.