క్వార్టర్‌బ్యాక్ వైడ్ రిసీవర్‌గా మారితే: ఫిల్మ్‌లో ఎక్కడ చూడాలి

నమస్కారం అందరికీ! స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఎడమవైపు టెరెల్ ప్రయర్, కుడివైపు జూలియన్ ఎడెల్‌మన్. ఇద్దరూ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌లే, అంటే బంతి విసిరి ఆట నడిపేవాళ్లు. ఇద్దరూ ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో, వైడ్ రిసీవర్లు అయ్యారు, అంటే ముందుకు పరుగెత్తి ఆ బంతి పట్టేవాళ్లు. ఇద్దరి జెర్సీ నంబరూ 11, అందుకని నేను పేరు చెప్పినప్పుడు ఎర్ర బాణం ఏ వైపు ఉందో చూసుకోండి.

ఈ రోజు పని ఏంటంటే, ఇలా మారిన ఆటగాడి ఫిల్మ్, అంటే మ్యాచ్ వీడియో, ఎలా చూడాలి. బంతి పట్టాడా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. మనం చూడాల్సింది అంతకు ముందు జరిగేది.

సెటప్ చకచకా చెప్పేస్తా. యూట్యూబ్‌లో వీడియో ఆపండి. కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకి, కామా నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి. జె నొక్కితే పది సెకన్లు వెనక్కి. అంతే. నేనైతే మౌస్ ముట్టుకోను. గీతలు గీయడానికి జూమ్‌ఇట్ వాడతాను, ఉచితం, చాలా తేలిక. కంట్రోల్ 2 కొడితే పెన్ను వస్తుంది, ఆర్ కొడితే ఎరుపు, బి కొడితే నీలం, షిఫ్ట్ పట్టుకుంటే గీత తిన్నగా వస్తుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి కానీ నాకు ఇదే చేతికి అలవాటు.

ఇంకొకటి. దొరికితే ఆల్-22 ఫుటేజీ చూడండి. ఎన్ఎఫ్ఎల్ ప్లస్ ప్రీమియంలో ఉంటుంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, మనకు కావాల్సిన రిసీవర్ ఫ్రేమ్ బయటికి వెళ్లిపోతాడు. ఇందులో 22 మందీ కనిపిస్తారు.

సరే, రూట్ ట్రీ, అంటే రిసీవర్ పరుగెత్తే దారులకు (రూట్లకు) పెట్టిన నంబర్లు. మీకు తెలిసే ఉంటుంది, గబగబా గీసేస్తా. ఒకటి ఫ్లాట్, రెండు స్లాంట్, నాలుగు కర్ల్, ఐదు అవుట్, ఆరు డిగ్, ఏడు కార్నర్, ఎనిమిది పోస్ట్, తొమ్మిది నేరుగా పరుగే. బేసి సంఖ్యలు సైడ్‌లైన్ వైపు, సరి సంఖ్యలు లోపలికి. జట్టును బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడికి ఇదంతా కంఠతా వచ్చు, ఇన్నాళ్లూ మిగతా వాళ్లని పంపింది తనే కాబట్టి. ఇక్కడ ఇబ్బంది లేదు, ముందుకెళ్దాం.

ఇదిగో, ఇక్కడ ఆపండి. బంతి ఇంకా స్నాప్ కాలేదు, అంటే ప్లే మొదలుపెడుతూ దాన్ని వెనక్కి అందించలేదు. ఇది నేను గీసిన బొమ్మ, ఏ ఆటగాడిదీ కాదు. నీలం చుక్క రిసీవర్, ఎర్ర చుక్క కార్నర్‌బ్యాక్, అంటే అతన్ని కాసే డిఫెండర్. ఇద్దరి మధ్యా దూరం చూడండి, ఒక్క యార్డు. దీన్ని ప్రెస్ అంటారు. రూల్ ప్రకారం ప్లే మొదలయ్యే గీత నుంచి ఐదు యార్డుల లోపు డిఫెండర్ రిసీవర్ మీద చెయ్యి వేసి అడ్డుకోవచ్చు. అక్కడ రెండు క్షణాలు ఆగిపోయాడంటే ఆ రూట్ పోయినట్టే. మూడు అడుగుల డ్రాప్ అయితే, అంటే మూడు అడుగులు వెనక్కి వేసి విసిరే ప్లే అయితే, క్వార్టర్‌బ్యాక్ ఈపాటికి బంతి వదిలేసి ఉంటాడు.

ఇప్పుడు కాళ్లు చూడండి. మళ్లీ చెప్తున్నా, చేతులు కాదు, కాళ్లు. క్వార్టర్‌బ్యాక్ కాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నది వెనక్కి వెళ్లడం. నిటారుగా నిలబడాలి, ముందున్న లైన్‌మెన్ తలల మీదుగా దూరం చూడాలి. రిసీవర్‌కి సరిగ్గా తలకిందులు. నడుము దిగాలి, బరువు ముందు కాలి మీద ఉండాలి, మొదటి అడుగు ముందుకే పడాలి. ఒక ఫ్రేమ్ ముందుకి... ఇంకొకటి... ఇదిగో! ముందు కాలు లేచి మళ్లీ వెనక్కి పడింది. చూశారా? వెనక్కి వెళ్దాం, ఇంకోసారి చూద్దాం. కాలు లేచింది, వెనక్కి పడింది. ఈ దండగ అడుగే కొంప ముంచుతుంది. కార్నర్‌బ్యాక్‌కి చేతులు వేయడానికి ఆ మాత్రం టైమ్ చాలు.

ఇది ఒక పట్టాన వచ్చే విద్య కాదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు భుజం ఒకవైపు చూపించి కాలు ఇంకోవైపు వేస్తాడు చూడండి, అదీ ఇక్కడ కావాల్సింది. బుర్రకి తెలిస్తే సరిపోదు, ఒంటికి రావాలి. చాలామంది క్యాచింగే కష్టం అనుకుంటారు. నా లెక్కలో ఈ అడుగే కష్టం, దీని తర్వాతే క్యాచ్.

ప్రయర్ దగ్గరికొద్దాం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. 2013 అక్టోబరు 27న ఓక్లాండ్ రైడర్స్ క్వార్టర్‌బ్యాక్‌గా స్టీలర్స్ మీద మొదటి ప్లేకే 93 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం) చేశాడు. అంత వేగం ఉంది. తర్వాత జట్లు మారాడు, 2015 జూన్‌లో బెంగాల్స్ జట్టు వదిలేశాక ఇక రిసీవర్‌గా ఆడతానన్నాడు, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తీసుకుంది. ఆ సీజన్ మొత్తానికి ఒకే ఒక్క క్యాచ్. 2016లో 77 క్యాచ్‌లు, 1,007 యార్డులు! ఆ ఏడాది బ్రౌన్స్ 16 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. బంతి విసిరేవాళ్లు మారుతూనే ఉన్నారు. అలాంటి జట్టులో వెయ్యి దాటడం మామూలు విషయం కాదు, దానికి తగ్గ పేరు అతనికి రాలేదని నా బాధ. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో 240 యార్డుల దగ్గరే ఆగిపోయాడు.

2016 ఫిల్మ్‌లో మీరు చూడాల్సింది బ్రేక్. అంటే రూట్ మధ్యలో తిరిగే చోటు. ఇక్కడ, ఈ నీలం గీత వంగిన చోట. పొడుగు మనిషి తిరగాలంటే ముందు నడుము దించాలి. దించకపోతే వేగం ఆగదు, మలుపు గుండ్రంగా వస్తుంది, డిఫెండర్‌కి ముందే తెలిసిపోతుంది. ఫ్రేమ్ ఆపి హెల్మెట్ ఎత్తు చూడండి. మలుపులో హెల్మెట్ కిందికి దిగితే బ్రేక్ బాగున్నట్టు.

ఇప్పుడు ఎడెల్‌మన్. కెంట్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్. 2009 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, పేట్రియట్స్ తీసుకుంది: ఏడో రౌండు, 232వ పేరు. మొదటి నాలుగు సీజన్లలో కలిపి 69 క్యాచ్‌లు. మధ్యలో 2011లో కార్నర్‌బ్యాక్‌గా కూడా దింపారు. 2013లో ఒక్క ఏడాదే 105. ఎంత ఓపిక కావాలో చూడండి.

అతను ఎక్కువగా లోపల, అంటే మైదానం మధ్య వైపుకి, స్లాట్‌లో ఉండేవాడు. అక్కడ ఆప్షన్ రూట్లుంటాయి. డిఫెండర్ లోపలివైపు కాస్తే బయటికి తిరగాలి, బయటివైపు కాస్తే లోపలికి. జోన్ అయితే, అంటే డిఫెండర్లు మనిషిని కాక చోటును కాస్తుంటే, ఖాళీలో ఆగిపోవాలి. ఈ నిర్ణయం పరుగులో ఉండగా తీసుకోవాలి, పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ కూడా అదే క్షణంలో అదే అనుకోవాలి. పాత క్వార్టర్‌బ్యాక్ కళ్లు పనికొచ్చేది ఇక్కడే. సేఫ్టీలు, అంటే అందరికంటే వెనక నిలబడే డిఫెండర్లు, ఒకరా ఇద్దరా అని స్నాప్‌కి ముందే చూసుకునే అలవాటు అతనికి ఎప్పటి నుంచో ఉంది.

ఇక ఇది, నాకు ప్రాణం ఈ ప్లే. 2015 జనవరి 10, ప్లేఆఫ్స్, రేవెన్స్ మీద. పేట్రియట్స్ 21-28తో వెనకపడ్డారు. బ్రేడీ బంతిని ఎడెల్‌మన్‌కి విసిరాడు. గీత చూడండి, బంతి వెనక్కి వెళ్తోంది. ఒక ప్లేలో ముందుకి ఒక్క పాసే వేయాలి, ఇది వెనక్కి కాబట్టి ఆ పాస్ ఇంకా మిగిలే ఉంది. డిఫెండర్లు ఎడెల్‌మన్ వైపు ఉరికారు. అతను భుజం తిప్పి, పాత క్వార్టర్‌బ్యాక్‌లా విసిరాడు. 51 యార్డులు, సాటి రిసీవర్ అమెండోలాకి టచ్‌డౌన్, స్కోరు సమం! ఎన్ఎఫ్ఎల్‌లో అతను వేసిన మొదటి పాస్ అదే. చివరికి 35-31తో గెలిచారు.

ఒక మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. ఇలా మారడం అందరికీ ఇష్టంగా జరగలేదు. మార్లిన్ బ్రిస్కో 1968లో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్‌గా 14 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. నల్లజాతి ఆటగాడు. మరుసటి ఏడాది అక్కడ అతనికి ఆ చోటు లేదు. బఫలో వెళ్లి రిసీవర్‌గా మారి 1970లో 1,036 యార్డులు చేశాడు. అతని ప్రతిభకు దండం పెట్టాలి, కానీ ఆ అన్యాయాన్ని విజయగాథ కింద కప్పెట్టకూడదు. 2018లో లామార్ జాక్సన్‌ని కూడా రిసీవర్‌గా మారమన్నారు, ఒప్పుకోలేదు. క్వార్టర్‌బ్యాక్‌గా 2019లో, 2023లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. మారడం సరైనదా కాదా అన్నది ఆటగాడు తేల్చుకోవాల్సిన విషయం.

సరే, ఇప్పుడు మీ వంతు. సూపర్ బౌల్ 53, అంటే లీగ్ ఫైనల్, 2019 ఫిబ్రవరి 3, పేట్రియట్స్, రామ్స్ మ్యాచ్ తీయండి. ఎడెల్‌మన్ 10 క్యాచ్‌లు, 141 యార్డులు, ఎంవీపీ. ప్రతి క్యాచ్‌కీ స్నాప్ దగ్గర ఆపండి. ఎదురుగా ఉన్నవాడు లోపలివైపు నిలబడ్డాడా, బయటివైపా? అతను ఎటు తిరిగాడు? ఒక కాగితం మీద రాసి కామెంట్లలో పెట్టండి. వచ్చే వీడియోలో మీరు పంపినవాటిని తీసుకుని స్క్రీన్ మీద గీద్దాం.