గండిని ఇంగ్లీషులో ఏమంటారండీ?

నమస్కారమండి. మాది రాజోలు పక్కన వశిష్ఠ గట్టు కింద ఊరు, సాయంత్రంపూట మా అరుగు మీద పిల్లలకి ట్యూషన్ చెప్తుంటాను, ఇంగ్లీషే ఎక్కువ. ఇంగ్లీషు మాటలు ఎలా నేర్చుకోవాలో చెప్పమన్నారు గానీ, ముందు నాకెలా రాలేదో చెప్తానండి.

డిగ్రీ అయ్యాక ఓ ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్ళాను. అప్పటికే రోజుకి యాభై మాటల చొప్పున ఓ లావుపాటి పుస్తకం బట్టీ కొట్టేసున్నాను, మా ఊళ్ళో జన్మలో ఎవరికీ అక్కర్లేని మాటలన్నీ నాకొచ్చు. అక్కడున్న పెద్దాయన నా అప్లికేషన్‌లో ఊరు చూసి, మీది గోదారి ఒడ్డు కదమ్మా, 1986 వరద గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పు అన్నాడు. ఇంతకంటే తేలిక ప్రశ్న ఏముంటదండీ, చిన్నప్పట్నించీ మా నాయనమ్మ నోట వింటున్నదే, గట్టుకి గండి పడ్డం, గొడ్లని పలుపు కోసి వదిలెయ్యడం, ఎవరింటి మేడ మీద ఎంతమంది తలదాచుకున్నారో కూడా తెలుసు. కానీ ఆ గండి దగ్గరే ఆగిపోయాను. ‘ద బండ్ వాజ్ కట్’ అన్నాను. ఎవరు కోశారమ్మా అన్నాడాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికొచ్చి ఏడ్చాననుకోండి. తర్వాతెప్పుడో వరదల రోజుల్లో బస్టాండ్లో కొన్న ఇంగ్లీషు పేపర్లో కనపడింది, ‘బ్రీచ్’ అని. నా లావు పుస్తకంలోనూ ఉందది, తర్వాత చూశాను, బి అక్షరం దగ్గర పద్ధతిగానే ఉంది, కాకపోతే దాని పక్కన గోదారి లేదు.

అందుకే మా అరుగు మీద పుస్తకం తీసేసి పేపరు పెట్టాను. ముందు వార్త తెలుగులో చదివించేస్తాను, సంగతి ఏంటో తెలిసిపోవాలి, తర్వాత అదే వార్త ఇంగ్లీషులో. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళు 1959లో స్పెషల్ ఇంగ్లీష్ అని మొదలెట్టారు, ఓ 1,500 మాటలతోనే, నిదానంగా చదువుతూ, లోకంలో వార్తలన్నీ చెప్పేసేవారు. అంత చాలండి మొదట్లో. సంగతి ముందే తెలిసినోడికి తెలియని మాట కూడా సగం తెలిసే ఉంటది.

ఆదివారం సాయంత్రం క్విజ్. ఇంగ్లీషు పేపరు కటింగ్‌లో ఒక మాట మీద నల్ల స్కెచ్ పెన్ను పూసేస్తాను, అక్కడ ఏముండాలో ముందు తెలుగులో చెప్పాలి, తర్వాత ఇంగ్లీషులో. ఐదు ప్రశ్నలు, ఒకటి మాత్రం కచ్చితంగా మూడు వారాల కిందటి మాట, అసలు పరీక్ష అదే, పిల్లలు తిట్టుకునేదీ దానికే. గెలిచినోళ్ళకి ఆత్రేయపురం పూతరేకు.

వరదల్లో మా క్విజ్‌కి కొరత ఉండదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 10 లక్షల క్యూసెక్కులు కిందకి వదిలారంటారు. క్యూసెక్కు తెలుగు మాటే అనుకుంటున్నారు మా పిల్లలు! క్యూబిక్ ఫీట్ పర్ సెకండ్‌ని కుదించిన మాటండి అది, అంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు, సుమారు రెండు బిందెలు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, ఇప్పుడు బిందెలు లెక్కెయ్యండ్రా అంటే ఒక్కడూ మాట్లాడలేదు. ఆ వారమే కటింగ్‌లో ‘లంక విలేజెస్ మెరూన్డ్’ అని వచ్చింది, లంకలంటే గోదారి మధ్య దిబ్బల మీది ఊళ్ళండి. ఏడో తరగతి కుర్రాడు చెయ్యెత్తి, ఊళ్ళన్నీ మెరూన్ కలర్ అయిపోయాయి టీచర్ అన్నాడు, ఎందుకురా అంటే, ఎర్రనీళ్ళు కదండీ అన్నాడు. చుట్టూ నీళ్ళొచ్చి బయటికెళ్ళే దారి లేకుండా చిక్కుకుపోవడంరా అని చెప్పాను గానీ, వాడికి సగం మార్కు వేశానండి, వాడి కళ్ళెదురుగా ఉన్న గోదారి రంగు తప్పెలా అవుద్ది.

తుఫాన్ల కాలం ఇంకోలా ఉంటది. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు ‘లాండ్‌ఫాల్’ వచ్చేసింది అందరికీ. భూమి పడిపోవడం కాదని చెప్పడానికి మాత్రం ఓ పూట పట్టింది. సైక్లోన్ అనే మాటే మన బంగాళాఖాతం తుఫాన్లని చదివిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1840ల్లో కలకత్తాలో కూర్చుని పుట్టించాడండి, పాము చుట్ట అనే అర్థమొచ్చే గ్రీకు మాటలోంచి. అంతకు కొద్ది ముందే, 1839లో, మన కోరంగి రేవుని ఉప్పెన ఊడ్చేసింది. 2011లో కోనసీమ రైతులు సాగు చెయ్యం అని భూములు వదిలేస్తే పేపర్లన్నీ ‘క్రాప్ హాలిడే’ అని రాశాయి, ఆ మాటకి అర్థం మావోళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే తిప్పలు పెట్టింది ‘శాంక్షన్’. ఫించను శాంక్షనయ్యింది, లోను శాంక్షనయ్యింది, మనకి మంచి మాటే కదా. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీద శాంక్షన్స్ అని వార్త చదివిస్తుంటే, పక్కింటి మామ్మగారు గోడ మీంచి తొంగిచూసి, రష్యాకి అంత తొందరగా ఎలా అయ్యిందే, నా కాయితాలు ఆర్నెల్లుగా తిరుగుతున్నాయి అంది. కాదు మామ్మగారూ, అక్కడ ఆంక్షలని అర్థం అన్నాను. ఒకటే మాట ఇస్తాననీ ఇవ్వననీ ఎలా అంటదే అంది. ఏం చెప్తామండీ, అంటది మరి.

పోయిన 2025 ఆగస్టు, శ్రావణమాసం, మా అమ్మ వాయినాలకి శనగలు నానబోసుకుంటుంటే, రొయ్యల చెరువులున్న బాబాయి వచ్చాడు. మన రొయ్య ఎక్కువగా వెళ్ళేది అమెరికాకే కదా, అక్కడ 50 శాతం టారిఫ్ వేస్తున్నారని టీవీలో చెప్తున్నారు. మేత బస్తాల లెక్క రాసుకునే నోటుబుక్కులోనే తెలుగులో ‘రెసిప్రోకల్ టారిఫ్’ అని రాసుకొచ్చాడు, ఇదేంటమ్మాయ్ అని. టారిఫ్ అంటే సుంకం, అరబ్బీ మాట బాబాయ్, హిందీవాళ్ళు మెచ్చుకోడాన్ని తారీఫ్ అంటారు చూడు, దానికీ దీనికీ పుట్టుక ఒకటే అన్నాను, ఆయన మొహం చూసి ఆ సంగతి అక్కడితో ఆపేశాను. రెసిప్రోకల్ అంటేనా, ఇస్తినమ్మ వాయినం అంటే పుచ్చుకుంటినమ్మ వాయినం అంటారు కదా, అలాగ, మీరు మాకెంత వేస్తే మేమూ మీకంత వేస్తాం అని వాళ్ళ వాదన. అయితే 50లో 25 దానికి, ఇంకో 25 మనం రష్యా చమురు కొంటున్నామని పైన వేశారు అన్నాను.

బాబాయి నోటుబుక్కు మూసి, మొదటి పాతిక వాయినమే అనుకుందాం, ఆ రెండో పాతిక ఏ నోముదే అన్నాడు.

ఆ ఆదివారం క్విజ్‌లో మొదటి ప్రశ్న అదే పెట్టాను. పూతరేకు ఎవరికీ వెళ్ళలేదు.