మందు కొట్టని ఆకు

శ్రోతలకు నమస్కారం. కూరగాయలు బేరమాడి కొన్న తరువాత బండివాడు కొసరుగా సంచిలో వేసే కరివేపాకును మనం పెద్దగా లెక్కలోకి తీసుకోము. నిజానికి పంటమీద చల్లిన రసాయనాలు నేరుగా మన నోటికి చేరే దారుల్లో ఆ కొసరు ఆకు ఒకటి. సొరకాయకు చెక్కు తీస్తాము, అరటికాయకు తొక్క తీస్తాము. ఆకుకు తీయడానికి ఏమీ ఉండదు. కొన్ని మందులు ఆకుపైన నిలిచిపోతాయి, మరికొన్ని ఆకులోపలికే ఇంకిపోతాయి గనుక ఎంత కడిగినా పూర్తిగా వదలవు. పైగా తులసిని పచ్చిగానే నములుతాము, కొత్తిమీరను కూర దించాక చల్లుతాము, కషాయానికైతే గుప్పెడు ఆకులు వేసి నీరు సగమయ్యేదాకా మరిగిస్తాము. అందువల్ల ఇంట్లో సేంద్రియంగా ఏదైనా పెంచుకోవాలనుకునేవారు టమాటాకో వంకాయకో పోకముందు, రోజూ వాడే ఈ ఆకులతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కరివేపాకునే చూడండి. దాని లేత చిగుళ్లలో రసం పీల్చే పురుగులు చేరతాయి, ఆకులను గొంగళిపురుగులు కొరుకుతాయి. మచ్చలేని ఆకుకే బజారులో గిరాకీ ఉన్నప్పుడు రైతు మందు కొట్టాడని తప్పుపట్టి లాభం లేదు. మన పెరట్లో ఆ ఒత్తిడి లేదు. నాలుగు ఆకులకు చిల్లులు పడినంత మాత్రాన పులుసు రుచి తగ్గదు. పెద్ద చెట్టు మొదట్లో లేచిన పిలకను వేరుతో సహా తవ్వి తెచ్చి నాటుకోవచ్చు. గింజ వేసేవారు మాత్రం నల్లగా పండిన కాయ గుజ్జు తీసేసి వెంటనే విత్తాలి, ఎందుకంటే ఎండిపోయిన గింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. కొమ్మల కొసలు తుంచుతూ ఉంటే కుండీలోనే గుబురుగా పెరుగుతుంది. ఇక వాడకం విషయానికి వస్తే, తాలింపులో వేసి, తినేటప్పుడు ఏరి కంచం అంచున పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ముదురాకును నీడలో ఆరబెట్టి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, కాస్త చింతపండు, ఉప్పు కలిపి పొడి కొట్టుకుంటే ఆకు మొత్తం కడుపులోకే చేరుతుంది. వేడి అన్నంలో నెయ్యితో కలిపి పెడితే పిల్లలు కూడా ఏరకుండా తింటారు.

వాము ఆకు మొక్క అంతకంటే తేలిక. వాము గింజలు కాసే మొక్క ఇది కాదు. వాసన దగ్గరగా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. దళసరిగా, నూగుతో ఉండే ఆకును తుంచగానే ఘాటు వేళ్లకు అంటుకుంటుంది. జానెడు రెమ్మను మట్టిలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లు పట్టి చిగురిస్తుంది, నీరు ఎక్కువైతే మాత్రం కుళ్లిపోతుంది. ఈ ఆకును శనగపిండిలో ముంచి బజ్జీలు వేయవచ్చు, నూనెలో మగ్గించి పెరుగుపచ్చడి చేయవచ్చు, జలుబు చేసినప్పుడు మరిగే నీటిలో వేసి ఆవిరి పట్టవచ్చు. తులసిలో ఘాటునిచ్చే యూజినాల్ అనే పదార్థమే లవంగంలోనూ ఉంది. కంకులు ముదరకముందే తుంచేస్తే మొక్క ఎక్కువకాలం ఆకు ఇస్తుంది. పుదీనాకు వేరే నారు అక్కరలేదు, ఆకు కోసుకోగా మిగిలిన కాడలను నీళ్లలో ఉంచి, వేళ్లు రాగానే కుండీలోకి మార్చి, కొత్తగా వచ్చిన చిగురు నుంచి వాడుకుంటే చాలు.

ఈ మొక్కలకు పురుగు పడితే ఏమి చేయాలన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. దానికి జవాబు వేపలో ఉంది. యాభై గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లాలి; దాని శక్తి ఎండకు తగ్గిపోతుంది గనుక సాయంత్రమే చల్లడం మంచిది. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటును, అది భారతదేశంలో ముందే వాడుకలో ఉందన్న ఆధారాల మీద 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలులోనూ ఆ తీర్పే నిలిచింది. మన రైతుల అనుభవానికి దక్కిన ఆ గౌరవాన్ని తలచుకుంటే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. ఎండిన వేపాకు బియ్యం డబ్బాలో, పప్పుల డబ్బాలో వేసి పెట్టడం మన పెద్దలు చేసిన పనే.

కుండీ మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు కలపండి. పచ్చిపేడ వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. ఎండబెట్టిన ఆకులను బజారులో కొనేటప్పుడు పొట్లం మీద సేంద్రియ ధ్రువీకరణ గుర్తు ఉన్నదో లేదో చూడండి.

సహజమైనదంతా హాని లేనిదని మాత్రం అనుకోవద్దు. కలబంద మట్టను కోయగానే కారే పసుపుపచ్చని జిగురు తీవ్రంగా విరేచనాలు పట్టిస్తుంది. మట్టను నిలువుగా నిలబెట్టి అదంతా కారిపోయాక, లోపలి గుజ్జును కడిగి చర్మానికి రాసుకోవాలి. చిన్నపిల్లలకు వేపనూనె తాగించడం ప్రాణాపాయం. గర్భిణులు, రోజూ మందులు వాడేవారు ఏ కషాయమైనా వైద్యుణ్ణి అడిగిన తరువాతే తాగాలి. రెండు మూడు రోజులకు తగ్గని జ్వరానికి కషాయాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లాలి.