కత్తి అరువు తీసుకుంటే: చంపని మాయాయుధాలను ఎలా వర్ణించాలి

[తెరపై: ఇరవై ముఖాల డైస్ దొర్లుతూ వచ్చి ఆగుతుంది]

"నీ గొడ్డలి వాడి మెడ మీద పడింది. ఎముక పటుక్కుమంది. రక్తం గోడ దాకా చిమ్మింది. ఆ... ఆగు, చంపనన్నావు కదా? సరే, స్పృహ తప్పాడని రాసుకో."

ఈ మాట మీ టేబుల్ దగ్గర ఎప్పుడైనా విన్నారా? నేను విన్నదాని కంటే అన్నదే ఎక్కువ. టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ ఆడే కథల ఆటలో గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపే మనిషిగా, మొదట్లో నా సెషన్లన్నీ ఇంతే. మెడ సగం తెగినవాడు కాసేపటికి లేచి కూర్చుని ముఠా రహస్యాలన్నీ పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ప్లేయర్లు పడీ పడీ నవ్వేవాళ్లు. నవ్వితే మంచిదేగా అంటారేమో. ఆ నవ్వు తర్వాత ఆ సీన్లో ఎవరికీ టెన్షన్ మిగలదు, అదీ నా బాధ.

ఇంకో రకం ఉంది, అది ఇంకా చిరాకు. ప్లేయర్‌కి ఎవర్నీ చంపని మాయాకత్తి దొరుకుతుంది. గేమ్ మాస్టర్ ఏమని చెప్తాడు? "మామూలు కత్తే, కానీ దీంతో ఎవరూ చావరు." అయిపోయింది. అది వర్ణనా, వారంటీ కార్డా?

హిట్ పాయింట్స్ అంటే పాత్రకి మిగిలిన ప్రాణబలం లెక్క, డ్యామేజ్ అంటే దెబ్బకి జరిగే నష్టం. డైస్ ఎలా వేయాలి లాంటివి వదిలేస్తున్నా. నేరుగా అసలు సంగతికి వద్దాం.

చంపని ఆయుధం అంటే చేతకాని ఆయుధం అనే అపోహ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 3.5 ఎడిషన్ తీయండి, 2003లో వచ్చింది. అందులో ఆయుధానికి మెర్సిఫుల్ అనే మాయాగుణం పెట్టుకోవచ్చు. అది పెడితే ఆ ఆయుధం చేసే డ్యామేజ్ మొత్తం నాన్‌లీథల్, అంటే చంపనిది, అయిపోతుంది. దాంతో పాటు అదనంగా 1డీ6, అంటే ఆరు ముఖాల డైస్ ఒకటి వేస్తే పడినంత, డ్యామేజ్ కూడా కలుస్తుంది! అంటే దయ చూపించే కత్తి మామూలు కత్తి కంటే గట్టిగా కొడుతుంది. పైగా ఒక్క మాట చెప్తే ఆ గుణం ఆగిపోతుంది, మళ్లీ చెప్పేదాకా అది చంపే కత్తే. ఇన్ని ఉన్నాయి గానీ, ఆ దెబ్బ తగిలితే చూడ్డానికి ఎలా ఉంటుందో రూల్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. ఆ ఖాళీ మనమే పూడ్చుకోవాలి.

పూడ్చడానికి తాళం చెవి కూడా ఆ రూల్స్‌లోనే దొరికింది నాకు. 3.5లో నాన్‌లీథల్ డ్యామేజ్‌ని హిట్ పాయింట్స్‌లోంచి తీసేయరు. పక్కన వేరేగా రాసుకుంటూ పోతారు. అది పెరుగుతూ పెరుగుతూ మిగిలిన హిట్ పాయింట్స్‌తో సమానమైతే మనిషి తూలతాడు. దాటితే పడిపోతాడు.

ఇదెలా ఉంది? అచ్చం అప్పుల ఖాతాలా లేదూ? హిట్ పాయింట్స్ జేబులో ఉన్న డబ్బు. మామూలు కత్తి జేబు కొడుతుంది. చంపని కత్తి అప్పు రాస్తుంది. డబ్బు జేబులోనే ఉంటుంది, కానీ అప్పు జేబులో ఉన్నదాన్ని మించిన రోజున మనిషి కుప్పకూలతాడు.

[తెరపై: రెండు గళ్ల ఖాతా. ఎడమ "ఉన్నది", కుడి "అప్పు"]

ఒక దొంగల నాయకుడు, మూడో లెవెల్, 30 హిట్ పాయింట్స్. మీ చంపని కత్తి 12 అప్పు రాసింది. వాడింకా నిలబడే ఉన్నాడు. తర్వాత మీ పక్కవాడు మామూలు బాణాలతో 18 కొట్టాడు. జేబులో 12 మిగిలింది, అప్పు కూడా 12. సమానం! వాడు తూలుతున్నాడు. ఇక ఒక్క పాయింట్ అప్పు చాలు, నేల మీద ఉంటాడు. ఇప్పుడు వాణ్ణి పడగొట్టిందెవరు? జేబు ఖాళీ చేసిన బాణమా, అప్పు రాసిన కత్తా? రెండూనూ. మీ వర్ణనలో రెండూ కనపడాలి. బాణం గాయాల్లోంచి రక్తం కారుతుండాలి, కత్తి తగిలిన చోట ఇంకేదో జరుగుతుండాలి.

ఆ "ఇంకేదో" ఏంటి అన్నదే ఈ వీడియో.

నేను అడిగే ప్రశ్న ఒక్కటే. మీ ఆయుధం ఏం అరువు తీసుకుంటుంది? ప్రాణం కాదుగా, అది తీసుకుంటే తిరిగి ఇవ్వలేదు. మరి ఏంటి? వేడా? బరువా? చూపా? నిద్రా? ఇది తేలితే మిగతా వర్ణన దానంతటదే వస్తుంది. తేలకపోతే ప్రతిసారీ "తల మీద కొట్టావు, పడిపోయాడు"తో సరిపెట్టుకుంటారు.

నా టేబుల్ దగ్గర ఒక కత్తి ఉంది. దాని పేరు ఊపిరిపాశం. పేరు నేను పెట్టలేదు, ఒక ప్లేయర్ పెట్టింది, నాకు మొదట్లో నచ్చలేదు, ఇప్పుడు మార్చమన్నా మార్చను. అది ఊపిరి అరువు తీసుకుంటుంది.

తగిలినప్పుడు గాయం ఉండదు. కత్తి ఛాతీలోంచి చన్నీళ్లలోంచి వెళ్లినట్టు వెళ్తుంది. ఎదుటివాడి నోటి నుంచి తెల్లటి ఆవిరి ఒక దారంలా సాగి కత్తికి చుట్టుకుంటుంది. కత్తి అంచు మీద అద్దం మీద పట్టినట్టు ఆవిరి పడుతుంది. అంతే. రక్తం లేదు, ఎముక చప్పుడు లేదు. కానీ వాడు మెట్లు పరిగెత్తి ఎక్కినవాడిలా రొప్పుతున్నాడు. రెండో దెబ్బకి మాట సగంలో ఆగిపోతుంది. మూడో దెబ్బకి "నిన్ను" అనబోయి "ని" దగ్గరే మోకాళ్ల మీద కూలతాడు.

ఇక్కడ నాకు ఒక చిక్కొచ్చింది. ఊపిరి అరువు పోతే పడిపోయినవాడి ఛాతీ కదలదు కదా! ప్లేయర్లు చచ్చాడనుకున్నారు, ఒకామె అయితే నా మీద కోప్పడింది కూడా. అప్పటికప్పుడు తట్టింది చెప్పాను: "కత్తి వైపు చూడు. అంచు మీద ఆవిరి పడుతోంది, ఆరుతోంది. మళ్లీ పడుతోంది, ఆరుతోంది." టేబుల్ మొత్తం ఒక్కసారి నిశ్శబ్దం. వాడి ఊపిరి కత్తి పీలుస్తోంది. ఒక మనిషి శ్వాసని నడుముకి కట్టుకుని తిరుగుతోంది ఆ ప్లేయర్. అరువు సొమ్ము బరువు చేటు అన్నట్టు, ఆ సెషన్ అంతా ఆమె కత్తిని ఒర నుంచి దూసి చూసుకుంటూనే ఉంది, ఆవిరి పడుతోందా లేదా అని.

ఇంతకీ ఏం జరిగిందంటే, చంపని ఆయుధానికి భయం వచ్చింది. రక్తం చెప్తే రాని భయం.

ఒక్కసారి అప్పు లెక్క కుదిరాక రూల్స్ కూడా కథలో కలిసిపోతాయి. 3.5లో అస్థిపంజరాలకి, మంత్రంతో నడిచే బొమ్మలకి నాన్‌లీథల్ డ్యామేజ్ తగలదు. ఎందుకు అని ప్లేయర్ అడిగితే "రూల్ అంతే" అంటారా? నా కత్తి దగ్గర ఆ తిప్పలు లేవు. అస్థిపంజరానికి ఊపిరి ఎక్కడిది అరువివ్వడానికి? కత్తి పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది, అంచు మీద చుక్క ఆవిరి ఉండదు. ఆ ఒక్క మాటతో ఎదురుగా ఉన్నది బతికున్నదో కాదో వాళ్లకే తెలిసిపోతుంది. ఒకసారి ఊరి పెద్ద వేషంలో ఉన్న శవాన్ని నా ప్లేయర్లు ఇలాగే పట్టుకున్నారు. నేను రెండు సెషన్లు దాచుకున్న రహస్యం అది. పోనీలెండి.

అప్పు తీరడం కూడా అంతే. 3.5లో గంటకి లెవెల్‌కి ఒక పాయింట్ చొప్పున నాన్‌లీథల్ తగ్గుతుంది. మన దొంగల నాయకుడు మూడో లెవెల్ కదా, గంటకి మూడు. జేబులో 12, అప్పు 13. అంటే గంట తిరక్కుండానే లేస్తాడు! వాణ్ణి గదిలో పడేసి తాపీగా నిధి వెతుక్కునే ప్లేయర్లకి ఈ లెక్క గుర్తుండదు. కత్తి మీద ఆవిరి పలచబడుతోందని మధ్యమధ్యలో చెప్పండి చాలు, పరుగులు పెడతారు.

ఇప్పుడు అదే ఆట ఐదో ఎడిషన్ ఆడేవాళ్లు "మాకా ఖాతా లేదుగా" అంటారు. నిజమే. 2014 రూల్స్‌లో దగ్గర నుంచి కొట్టిన దెబ్బతో ఎవరి హిట్ పాయింట్స్ అయినా సున్నాకి పడితే, ఆ క్షణంలోనే కొట్టినవాడు చంపాలో పడగొట్టాలో తేల్చుకోవచ్చు. 2024లో దాన్ని కాస్త మార్చారు, సున్నాకి బదులు ఒక్క హిట్ పాయింట్‌తో స్పృహ తప్పి పడతాడు. రెండింటిలోనూ దగ్గరి దెబ్బకే ఈ వెసులుబాటు. దూరం నుంచి వేసిన బాణానికి లేదు, ఫైర్‌బాల్ అనే నిప్పుబంతి మంత్రానికి అసలే లేదు. షాకింగ్ గ్రాస్ప్‌కి ఉంది, ఎందుకంటే అది చేత్తో తాకి కొట్టే మంత్రం. ఎవర్నైనా కరెంట్ షాక్‌తో సున్నితంగా నిద్రపుచ్చవచ్చన్నమాట. నాకు చాలా ఇష్టమైన రూల్ ఇది.

ఇక్కడ గేమ్ మాస్టర్లు చేసే తప్పు వర్ణన ముందు చెప్పేయడం. డ్యామేజ్ విని, సున్నా అని చూసి, ఉత్సాహంగా మెడ నరికేస్తారు. ఆ తర్వాత ప్లేయర్ "చంపట్లేదు" అంటాడు. మెడ మళ్లీ అతికించాలి! సున్నా పడగానే నోరు మూసుకుని ఒక్క మాట అడగండి: "చంపుతున్నావా, పడగొడుతున్నావా?" జవాబు విన్నాకే నోరు తెరవండి. అన్నీ దీనికి కుదరవు లెండి. వోర్పల్ అనే మాయాకత్తితో కొట్టేటప్పుడు డైస్ మీద 20 పడితే తల తెగుతుందని రూల్‌లోనే ఉంది, తలలున్న వాటికి. దాన్ని పడగొట్టడం అని ఏ నోటితో అంటాం?

సరే, పడ్డాక లేవడం. దీన్ని అందరూ మర్చిపోతారు, నాకైతే అదే అసలు రుచి. విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు, కౌరవ సేన స్పృహ తప్పుతుంది. మనకి గుర్తున్నది ఆ మూర్ఛా? కాదు. ఉత్తరుడు వెళ్లి ఆ మహావీరుల పైబట్టలు ఒలుచుకు రావడం. లేచాక వాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి. పైగా భీష్ముడికి ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు, ఆయన దగ్గరికి మాత్రం వెళ్లకు అని అర్జునుడే హెచ్చరిస్తాడు. ఎంత మంచి ఆయుధమో చూడండి! పడినవాడు లేచాక అవమానం ఉంది, పడనివాడు ఒకడు ఉన్నాడు, వాడెవడో ముందే తెలుసు.

నా కత్తి దెబ్బ తిన్నవాళ్లు లేచాక తమ మొదటి ఊపిరిలో ఇనుము వాసన వస్తుందంటారు. చాలాసేపు ఆ కత్తి పట్టుకున్నావిడ ఎప్పుడు ఊపిరి పీలిస్తే వాళ్లూ అప్పుడే పీలుస్తారు, తెలియకుండానే. రూల్స్‌లో దీనికి ఏ విలువా లేదు. కానీ ఆ దొంగల నాయకుడు తర్వాత ఆమెకి ఎదురు తిరిగినప్పుడు, ఆమె ఊపిరి బిగపట్టింది. వాడు ఆగిపోయాడు. డైస్ కూడా వేయలేదు మేం.

ఒక చిన్న మాట, పక్కకి వెళ్తున్నా. చంపదు కదా అని ఏది పడితే అది అరువు తీయకండి. జ్ఞాపకాలు, ఇష్టాయిష్టాలు, శరీరం మీద అదుపు, ఇవి తీసుకునే ఆయుధాలు కొందరికి చావు కంటే ఇబ్బందిగా ఉంటాయి. ఆట మొదలుకాక ముందే అడిగి తెలుసుకోండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

కట్టిపడేసే ఆయుధాలు. ఐదో ఎడిషన్‌లో రోప్ ఆఫ్ ఎంటాంగిల్‌మెంట్, ఐరన్ బ్యాండ్స్ ఆఫ్ బిలారో లాంటి మాయా తాళ్లు, ఇనుప పట్టీలు. ఇవి అరువు తీసుకునేది కదలిక. "బంధించబడ్డాడు" అనకండి, ఏ భాగం ముందు ఆగిందో చెప్పండి. మోచెయ్యి, తర్వాత మోకాలు, చివరికి దవడ. ఒక లోపం కూడా పెట్టండి. సుందరకాండలో హనుమంతుణ్ణి బ్రహ్మాస్త్రం కట్టేస్తుంది, రాక్షసులు అతి తెలివితో పైన తాళ్లు కూడా కడతారు, ఇంకో కట్టు పడగానే అస్త్రం తన పట్టు వదిలేస్తుంది. ఇంతకంటే మంచి ఐటమ్ రూల్ నేను రాయలేను.

బాణాలు. 3.5లో విల్లుకి మెర్సిఫుల్ పెడితే దాని బాణాలకీ ఆ గుణం వస్తుంది. గుచ్చుకున్న బాణం ఎలా చంపదు? ఆ గుణం తయారీకి కావాల్సిన మంత్రం క్యూర్ లైట్ వూండ్స్, అంటే గాయాలు మాన్పేది. కాబట్టి బాణం ఒక పక్క గుచ్చుకుంటుంటే ఇంకో పక్క చర్మం మూసుకుంటుంది. నొప్పి ఉంటుంది, రంధ్రం ఉండదు.

డ్రాగన్లు. 1974 నాటి మొదటి రూల్స్‌లోనే డ్రాగన్‌ని చంపకుండా కొట్టి లొంగదీసి అమ్ముకునే వీలుంది. అంత పెద్ద ప్రాణి ఏం అరువిస్తుందో మీరే ఆలోచించుకోండి. నేనైతే దాని నీడ తీసుకుంటా.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట, రెండో ఎడిషన్: చంపే ఆయుధంతో చంపకుండా కొట్టాలంటే, దెబ్బ తగులుతుందా అని వేసే డైస్‌కి మైనస్ 2. 3.5లో మైనస్ 4. ఆ మైనస్‌ని కూడా వర్ణించండి, చివరి క్షణంలో మణికట్టు తిప్పి కత్తి బల్లపరుపు వైపుతో కొట్టాడని.

ఇక ఊపిరిపాశం కార్డు అడుగుతున్నారు చాలామంది, ఇదిగో, చదివేస్తా.

[తెరపై: కార్డు]

"ఊపిరిపాశం. పొడవాటి కత్తి. దీని దెబ్బలన్నీ చంపనివే. ఊపిరి పీల్చని వాటిని తాకదు. ఒకసారికి ముగ్గురి ఊపిరి మాత్రమే మోస్తుంది. నాలుగోవాడు పడితే మొదటివాడు లేస్తాడు. నీళ్లలో ముంచితే ఎవరి ఊపిరి వాళ్లకి వెంటనే వెళ్లిపోతుంది. కత్తి ఒరలో ఉండగా దాన్ని పట్టుకున్న మనిషి చనిపోతే..."

ఆ చివరి లైను నా ప్లేయర్లు ఈ వీడియో చూస్తారు కాబట్టి చదవను.